గొంతులు ఆగాయి, అబ్బాయి మాత్రం మంచం దిగడం లేదు

గోదావరి తీరంలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఊరూ పేర్లూ బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలి, సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందారు. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. ఒక్కడే కొడుకు, వయసు 27. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలోనే స్నేహితులకు ఫోన్లు చేయడం మానేశాడు, ఎప్పుడూ లేనిది రెండు సబ్జెక్టులు తప్పాడు. ఎలాగో గట్టెక్కి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. ఏడాది తిరగకముందే, హాస్టల్లో పక్క గదివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, తన ఫోను ఎవరో వింటున్నారనీ అనడం మొదలుపెట్టాడు. గదిలో ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించేవి. ఆసుపత్రిలో చేర్చితే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు అన్నారు. మూడు నెలల్లో గొంతులూ అనుమానాలూ తగ్గిపోయాయి. అప్పటినుంచి నాలుగేళ్లుగా రాత్రిపూట రిస్పెరిడోన్ 6 మిల్లీగ్రాములు, దానితోపాటు ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర వేసుకుంటున్నాడు. ఒక్క పూట కూడా తప్పలేదట.

“ఇప్పుడు గొంతులు లేవు. కానీ మా అబ్బాయి కూడా లేనట్టే ఉన్నాడు” అని రాశారు ఆ తల్లి. పదకొండింటికి లేస్తాడు. బ్రష్షు మీద పేస్టు వేసుకుని కుళాయి దగ్గర పావుగంట అలాగే నిలబడిపోతాడు. పేస్టు ఎండిపోతుంది గానీ బ్రష్షు నోట్లోకి వెళ్లదు. నాలుగైదుసార్లు చెబితే వారానికి రెండు స్నానాలు. ఏది అడిగినా ‘ఊ’, ‘లేదు’ తప్ప మూడో మాట రాదు. అన్నం ఆవిడే కలిపి కంచం చేతికిస్తారు. మొన్నామధ్య నాయనమ్మ పోతే ఒక్క చుక్క కన్నీరు రాలేదు, బంధువులంతా ‘వీడి గుండె బండ’ అన్నారు. పెద్దకర్మ అయిన మర్నాడు మాత్రం నాయనమ్మ చేతికర్ర తెచ్చి తన మంచం పక్కన గోడకు ఆనించుకున్నాడు. గత నెలలో పిన్ని కొడుకు వచ్చి క్యారమ్ బోర్డు ముందు కూర్చోబెడితే గంటసేపు ఆడాడు, చివర్లో నవ్వాడు కూడా. మర్నాడు ‘ఆడదాం రా అన్నయ్యా’ అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. “ఆట అయితే ఆడతాడు, పనంటేనే ఒళ్లు వంగదు, వట్టి సోమరిపోతు” అని తండ్రి తీర్పు. ఉత్తరంలో ఒక మూల, వేరే చికాకుల మధ్య, బ్యాంకులో సంతకం సరిపోలడం లేదని రెండుసార్లు తిప్పి పంపారనీ, రాత్రి చొంగకు దిండు తడిసిపోతోందనీ కూడా రాశారు.

బాబాయి పెళ్లి చేస్తే దారిలో పడతాడంటున్నాడు. మేనమామ మందులే వాణ్ని మొద్దుబార్చాయి, ఆపేయమంటున్నాడు. తండ్రి తెల్లవారగానే దుకాణంలో కూర్చోబెడతానంటున్నాడు. డాక్టరుగారు ‘గొంతులు వినిపిస్తున్నాయా? లేదు కదా, మందులు అవే వాడండి’ అని రెండు నిమిషాల్లో పంపేస్తున్నారు. “వాడికి చేతకావడం లేదా, వాడు చేయడం లేదా? ఇది మాత్రం చెప్పండి” అన్నది ఆ తల్లి ప్రశ్న. అంతకంటే చిన్న అక్షరాలతో, ఉత్తరం చివర: “మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు?”

అమ్మా,

మీ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, వివరం తర్వాత. మీ అబ్బాయికి చేతులు కాళ్లు పనిచేస్తున్నాయి, తెలివి ఉంది, మీ మాట వినపడుతోంది. అనుకోవడానికీ మొదలుపెట్టడానికీ మధ్య ఆరోగ్యవంతుడికి ఏ ప్రయాసా లేకుండా జరిగిపోయే పని ఒకటుంది. మన భాషలో దానికి ‘పూనిక’ అని మంచి మాట ఉంది. జబ్బు పడింది ఆ పూనిక. అందువల్ల ‘చేతకాదు’ అన్నా సరిపోదు, ‘చేయడు’ అన్నా సరిపోదు. పేస్టు ఎండిపోయిన బ్రష్షుతో కుళాయి దగ్గర నిలబడ్డ మనిషి పళ్లు తోముకోవడం మానేద్దామని అక్కడికి వెళ్లలేదు. మానేయాలనుకున్నవాడు మంచం మీదే ఉంటాడు.

స్కిజోఫ్రెనియా లక్షణాలను వైద్యులు రెండు గుంపులుగా చూస్తారు. ఉండకూడనివి వచ్చి చేరడం ఒకటి: లేని గొంతులు, ఆధారం లేని అనుమానాలు. వీటిని పాజిటివ్ లక్షణాలంటారు. ఉండవలసినవి తరిగిపోవడం రెండోది: పూనిక, మాట, ముఖంలో భావం, రాబోయేదాని మీద ఉత్సాహం, నలుగురితో కలవాలన్న కోరిక. వీటిని నెగటివ్ లక్షణాలంటారు. మొదటి గుంపు ఇంటిల్లిపాదినీ, వీధినీ కూడా నిద్ర లేపుతుంది కాబట్టి దానికి వైద్యం త్వరగా అందుతుంది. రెండోది చప్పుడు చేయదు, కనుక దానికి జబ్బుగా గుర్తింపే దొరకదు. సోమరితనమనో, పొగరనో, రాతిగుండె అనో పేరు పడుతుంది. కుటుంబాల మీద జరిగిన అధ్యయనాల్లో ఇది స్పష్టంగా కనిపించింది: గొంతులు వింటున్న మనిషిని ఇంట్లోవాళ్లు జబ్బు మనిషిగా చూసి ఓర్చుకుంటారు, మంచం దిగని మనిషి మీద మాత్రం అది అతని చేతిలో ఉన్న పనే అనుకుని కోప్పడతారు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. మీవారు చెడ్డవారు కావడం వల్ల జరుగుతున్నది కాదు.

మీవారి వాదనలో బలమైన సాక్ష్యం క్యారమ్ ఆట. దాని దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ఆశ కలిగించే సంగతి అదే. ఆనందంలో రెండు భాగాలున్నాయి. చేస్తున్నప్పుడు కలిగే ఆనందం ఒకటి, చేయబోయే ముందు ‘బాగుంటుంది’ అని లోపల ఊరే ఆశ ఒకటి. ఈ జబ్బులో మొదటిది చాలామందిలో దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుందనీ, దెబ్బతినేది ఎక్కువగా రెండోదేననీ గత ఇరవై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. మీ అబ్బాయి ఆ రోజు ఆటను నిజంగానే ఆనందించాడు. మర్నాడు ఉదయం ఆ ఆనందం ‘మళ్లీ ఆడదాం’ అన్న లాగుడుగా మారలేదు. మనందరినీ పక్కమీద నుంచి లేపేది ఆ లాగుడే. సోమరి అలా ఉండడు, అమ్మా. సోమరికి పని చేదు, ఆట తీపి, కాబట్టి ఆటకు ముందే సిద్ధంగా ఉంటాడు. మీ అబ్బాయికి ఆట కూడా మర్నాటికి చేరలేదు. ఇదొక్కటి మీవారికి చదివి వినిపించండి.

నాయనమ్మ సంగతీ అంతే. సినిమా దృశ్యాలు చూపించి ఈ జబ్బున్నవారి ముఖాలనూ, వాళ్లు చెప్పిన అనుభూతులనూ పోల్చి చూసిన పరిశోధకులకు, ముఖం కదలకపోయినా లోపలి దుఃఖం, సంతోషం ఇతరులతో సమానంగానే ఉన్నాయని తేలింది. ముఖం చెప్పలేనిది ఆ చేతికర్ర చెప్పింది. బంధువులకు అది కనపడలేదు, మీకు కనపడింది, నాకు రాశారు.

ఇక అసలు పనికి వద్దాం. మంచం దిగని ప్రతి మనిషికీ కారణం ఒకటే కాదు. జబ్బులోనుంచే నేరుగా వచ్చే నీరసం ఒక రకం. మందుల వల్లనో, దిగులు వల్లనో, లోపల ఇంకా మిగిలిన భయం వల్లనో, ఏళ్ల తరబడి చేయడానికి ఏమీ లేకపోవడం వల్లనో వచ్చే నీరసం మరో రకం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానికి ఈనాటికీ గట్టి మందు లేదు. రెండోదాన్ని చాలావరకు సరిచేయవచ్చు. అందుకే ‘ఇది నెగటివ్ లక్షణం, ఇంతే’ అన్న మాట ఎవరు చెప్పినా, ఈ రెండో రకాన్ని ఒక్కొక్కటిగా వెతికి చూడకుండా ఒప్పుకోకండి.

మీ అబ్బాయి విషయంలో ఆ వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో మీరే రాశారు. బ్యాంకువాళ్లు తిప్పి పంపిన ఆ సంతకాన్ని ఇంజనీరింగ్ రోజుల సంతకం పక్కన పెట్టి చూడండి. అక్షరాలు చిన్నవై, చివరికి పోయేకొద్దీ ఇంకా కుంచించుకుపోయి ఉంటే, అది మందు ప్రభావం కావచ్చు. రిస్పెరిడోన్ వంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని గొంతులను ఆపుతాయి. ఆ డోపమైనే కదలికలను కూడా నడుపుతుంది కాబట్టి, మోతాదు ఒంటికి ఎక్కువైతే పార్కిన్సన్ జబ్బును పోలిన బిగుతు వస్తుంది. ముఖం ముసుగు వేసినట్టు కదలదు, రాత అణిగిపోతుంది, నడిచేటప్పుడు చేతులు ఊగవు, నోట్లో ఊరిన లాలాజలాన్ని మింగడం తగ్గి దిండు తడుస్తుంది. మీరు విడివిడిగా రాసిన రెండు చికాకులు ఒకే కారణానికి గుర్తులై ఉండవచ్చు. అతను వరండాలో నడుస్తుండగా ఫోనులో అర నిమిషం వీడియో తీసి ఉంచండి. నేను అబ్బాయిని చూడలేదు, చూడకుండా ఇదే కారణమని తేల్చలేను. కానీ డాక్టరుగారు చేయి పట్టుకుని మోచేతి దగ్గర వంచి చూస్తే, ఆ బిగుతు ఉందో లేదో ఆయనకు ఒక నిమిషంలో తెలుస్తుంది. అలాంటి బిగుతును తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా జ్ఞాపకశక్తిని మందగింపజేయగలదు కనుక, నాలుగేళ్ల తర్వాత అది ఇంకా అవసరమా అన్నదీ అడగవలసిన ప్రశ్నే.

అంతమాత్రాన మేనమామగారు చెప్పినదే నిజమనుకోకండి. ఆఖరి సంవత్సరంలో స్నేహితులకు ఫోన్లు మానేసిందీ, సబ్జెక్టులు తప్పిందీ మొదటి మాత్ర మింగకముందే. ఈ జబ్బులో పూనిక తరగడం గొంతుల కంటే ముందే, కొందరిలో ఏళ్ల ముందే మొదలవుతుంది. కాబట్టి కొంత జబ్బుది, కొంత మందుది అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఇక మందు పూర్తిగా ఆపితే ఏమవుతుంది? 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 65 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది: ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 27 శాతం, మందు ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 64 శాతం. గొంతులు తిరిగి వస్తే ఆసుపత్రి, భయం, మళ్లీ పెద్ద మోతాదు. ఈ నాలుగేళ్లలో కూడగట్టుకున్న కొంచెం కూడా పోతుంది.

ఆపడానికీ అలాగే కొనసాగించడానికీ మధ్య దారులున్నాయి, అవి డాక్టరుగారితో మాట్లాడవలసినవి. ఒకటి, ఇదే మందును నెలల వ్యవధిలో కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావడం. బిగుతు తగ్గి మనిషి కాస్త తేలికపడవచ్చు. కానీ తగ్గించే ప్రతి మెట్టు దగ్గరా జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది కనుక, అతనికి మొదటిసారి జబ్బు ఎలా మొదలైందో ఆ గుర్తులను (నిద్ర తగ్గడం, ఫోను ఎవరో వింటున్నారనడం వంటివి) రాసి పెట్టుకుని, అవి కనిపించిన రోజునే వైద్యుడిని కలవగలిగితేనే ఆ దారి పట్టాలి. రెండోది, మందు మార్చడం. నెగటివ్ లక్షణాలే ఎక్కువగా ఉన్న సుమారు 460 మందిపై 26 వారాలు జరిగిన అధ్యయనంలో కారిప్రజీన్ అనే మందు రిస్పెరిడోన్ కంటే కొంత మెరుగైన ఫలితం ఇచ్చిందని 2017లో ప్రచురించారు. అది మన దేశంలోనూ దొరుకుతుంది. కొందరిలో అది ఒకచోట కూర్చోనివ్వని అస్థిమితం తెస్తుంది, పైగా మందు మార్చే వారాలు ఎప్పుడూ కొంచెం గండమే. చిన్న మోతాదులో అమిసల్‌ప్రైడ్ అనే మందు మరో మార్గం. వీటిలో ఏదీ మనిషిని పాత రోజుల్లోకి తీసుకుపోదు. మెరుగు వస్తే అది మెట్టు మెట్టుగా వస్తుంది, ఆ సంగతి ముందే తెలిస్తే ఆరో వారంలో నిరాశపడి అంతా వదిలేయకుండా ఉంటారు.

దిగులు ఉందేమో కూడా చూడాలి. నెగటివ్ లక్షణాలున్న మనిషి ఖాళీగా ఉంటాడు. దిగులున్న మనిషి బరువుగా ఉంటాడు. తెల్లవారుజామునే మెలకువ రావడం, తనవల్లే ఇంటికి ఈ గతి అనడం, ఇక ముందు ఏమీ లేదనడం దిగులుకు గుర్తులు, దానికి వేరే చికిత్స ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడగండి: “నాన్నా, బతకాలని లేదనిపిస్తోందా?” అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన మాత్రం బయటికి వస్తుంది. అవునన్నా, తల దించుకుని ఊరుకున్నా, అతన్ని ఒంటరిగా వదలకండి, తారీకు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి అయితే 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. థైరాయిడ్, బి12, రక్తహీనత, షుగర్ పరీక్షలు కూడా ఒకసారి చేయించండి, నాలుగేళ్లుగా ఎవరూ చేయించినట్టు మీ ఉత్తరంలో లేదు.

ఓపీలో మీకు దొరికేవి రెండు నిమిషాలే అయితే, ఆ రెండు నిమిషాలనూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘బాగోలేదండీ, ఏమీ చేయడండీ’ అంటే ఆయనకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. “లేచే వేళ పదకొండు. స్నానం వారానికి రెండు. సంతకం ఇలా మారింది. దిండు తడుస్తోంది. నడక వీడియో ఇదిగో” అని ఒక పేజీ చేతికివ్వండి, పాత సంతకం ఉన్న కాగితంతో సహా. అప్పటికీ ‘అవే వాడండి’ అంటే మరొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు ఒక పూట ప్రయాణం.

ఇంట్లో ఏం చేయాలన్నది మందుల కంటే తక్కువ విషయం కాదు. 1960లలో ఇంగ్లండులోని మూడు మానసిక ఆసుపత్రులను జాన్ వింగ్, జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. రోగులు ఏమీ చేయకుండా గడిపే సమయం ఎంత ఎక్కువైతే ఈ మౌనం, ఈ మొద్దుబారడం అంత ఎక్కువగా ఉన్నాయి. ఆ ఖాళీ సమయం తగ్గిన చోట మనుషులు కొంత తేరుకున్నారు. అదే జార్జ్ బ్రౌన్ చేసిన మరో పని ఏమిటంటే, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవారి కుటుంబాలను పరిశీలించడం. ఎత్తిపొడుపులు, కోపం, అతిగా కల్పించుకోవడం ఉన్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. ఈ రెండూ కలిపి చూడండి. ఖాళీగా వదిలేసినా నష్టమే, మీద పడినా నష్టమే. మీ ఇంట్లో అబ్బాయి నాన్నగారు మీద పడుతున్నారు. మీరు, ప్రేమతోనే, అన్నం కూడా కలిపి పెట్టి అతనికి చేయడానికి ఏమీ మిగల్చడం లేదు. ఇది మిమ్మల్ని నొప్పిస్తుందని తెలిసే రాస్తున్నాను.

రేపటి నుంచి కూర, అన్నం విడివిడిగా వడ్డించి మీరు కూడా కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చోండి. కలపడం అతని పని. పది నిమిషాలు చేయి కదలకపోయినా మీ భోజనం మీరు చేస్తూ ఉండండి. స్నానానికి ‘వెళ్లు, వెళ్లు’ అని గది బయటినుంచి అనే బదులు, రోజూ ఒకే వేళకు బకెట్టు నింపి, తువ్వాలూ బట్టలూ దండెం మీద వేసి, “నీళ్లు తోడాను నాన్నా” అని ఒక్కసారి చెప్పి వెళ్లిపోండి. బ్రష్షు దగ్గర ఆగిపోయినప్పుడు తిట్టినా, బతిమాలినా ఆ పని కదలదు; మీరూ మీ బ్రష్షు తెచ్చుకుని పక్కన నిలబడి తోముకోవడం మొదలుపెడితే తరచుగా అతని చెయ్యి కూడా కదులుతుంది. ఎదుటివాళ్లు మొదలుపెట్టిన పనిలో చేరడం ఈ జబ్బులో తేలిక, తనంత తాను మొదలుపెట్టడం కష్టం. పిన్ని కొడుకు ఎదురుగా కూర్చున్నాడు కాబట్టే ఆ రోజు క్యారమ్ ఆడగలిగాడు.

ఆ క్యారమ్‌నే చికిత్సగా వాడుకోండి. వారంలో రెండు రోజులు, ఒకే వేళకు ఆ కుర్రవాణ్ని రమ్మనండి. ఆటకు ముందు “ఎంత బాగుంటుందనుకుంటున్నావు, పదికి ఎంత?” అని అడిగి అతని చేతే క్యాలెండరు మీద అంకె వేయించండి, ఆట అయ్యాక “ఎంత బాగుంది?” అని రెండో అంకె. ముందు రెండు వేసినవాడు తర్వాత ఆరు వేస్తాడు, చాలామంది విషయంలో అలాగే జరుగుతుంది. నాలుగు వారాల తర్వాత గోడవైపు తిరిగినప్పుడు మీరు వాదించనక్కర్లేదు, క్యాలెండరు చూపిస్తే చాలు. దీని వెనుక ఒక ఆలోచన ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ బెక్, పాల్ గ్రాంట్ బృందం ఈ లక్షణాలున్నవారితో పనిచేసి, వాళ్ల మౌనం కింద తరచుగా ‘ఎలాగూ ఓడిపోతాను, ఇక మొదలుపెట్టడం దేనికి’ అన్న నమ్మకం ఉంటుందని చూపింది. ఆ నమ్మకాన్ని చిన్న చిన్న విజయాలతో సడలించే చికిత్స 60 మందికి 18 నెలల పాటు ఇచ్చి చూస్తే పూనిక మెరుగుపడిందని 2012లో ప్రచురించారు. మీ దగ్గర అలాంటి చికిత్సకుడు దొరకకపోవచ్చు, కానీ దాని మెలకువ మీ చేతిలోనే ఉంది. యోగా కూడా పనికొస్తుంది: బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, మందులకు తోడు యోగా చేసినవారిలో నెగటివ్ లక్షణాలు మామూలు వ్యాయామం చేసినవారికంటే ఎక్కువగా తగ్గాయి. పక్కన చేసేవాళ్లు ఉండాలి, అదే షరతు.

దుకాణం సంగతి. మీవారి ఆలోచన తప్పు కాదు, మొదలుపెట్టే తీరు తప్పు. ఖరీఫ్ రద్దీలో యూరియా కోసం రైతులు క్యూ కట్టి అరుస్తున్న వేళ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే, ఆ ఒత్తిడికి గొంతులు తిరిగి రావచ్చు, లేదా అతను ఒక్క రోజుకే పారిపోయి ‘చూశావా, చేతకాదు’ అన్న మాట మళ్లీ రుజువవుతుంది. దుకాణం మూసే ముందు అరగంట, సరుకు లెక్క రిజిస్టరులో ఎక్కించే పని ఒక్కటే ఇవ్వండి. బస్తాలు లెక్కపెట్టడం, అంకె రాయడం, సంతకం పెట్టడం. తప్పు రాస్తే మర్నాడు కలిసి దిద్దండి. వారం చివర జీతం చేతిలో పెట్టండి; అది ఎంత చిన్నదైనా జీతమే, జేబుఖర్చు కాదు. ఆ రిజిస్టరులోని సంతకం నెల నెలా ఎలా మారుతోందో డాక్టరుగారికి చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఇంటి బయట పునరావాస కేంద్రాలు మరో దారి. 1984లో మానసిక వైద్యురాలు శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ సంస్థ చెన్నైలో ఇలాంటివారికి పగటి శిక్షణ, పని నేర్పడం ఏళ్లుగా చేస్తోంది. నిమ్హాన్స్‌లోనూ పునరావాస విభాగం ఉంది. ఇంటి మాటల నుంచి దూరం, తనలాంటి మరికొందరి తోడు, రోజుకొక క్రమం దొరకడం లాభం. నష్టం ఏమిటంటే దూరం, ఖర్చు, భాష. అక్కడ నేర్చుకున్న క్రమం ఇంటికొచ్చి మంచం చూడగానే జారిపోవడం చాలాసార్లు చూశాను. వెళ్లినా, తిరిగి వచ్చే ఇల్లు మారి ఉండాలి. కేంద్రం పేరుతో గదుల్లో బంధించి ఉంచే చోట్లు కూడా ఉన్నాయి, చేర్చేముందు మీరే వెళ్లి ఒక పగలంతా కూర్చుని చూడండి.

పెళ్లి గురించి నా అభిప్రాయం దాచను. పూనిక తరిగిపోయిన మనిషికి పెళ్లి అంటే ఒక్కసారిగా మీద పడే వంద కొత్త పనులు, అవన్నీ మాటతో, చొరవతో చేయవలసినవి. అది మందు కాదు. జబ్బు దాచి చేస్తే ఒక అమ్మాయి జీవితం కూడా ఈ మంచం పక్కన ఆగిపోతుంది, మందులు దాచిపెట్టి వేసుకోవలసి వచ్చి అవి తప్పుతాయి. ఆ అమ్మాయి 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద మోసం జరిగిందని పెళ్లి రద్దు కోరడానికీ వీలుంటుంది. ఈ జబ్బున్నవారు పెళ్లి చేసుకోకూడదని నేను అనడం లేదు. చేసుకుని బాగున్నవాళ్లు ఉన్నారు. ఆ కోరిక అతనిలో పుట్టి, అవతలి కుటుంబానికి మందుల పేర్లతో సహా చెప్పగలిగిన రోజున ఆలోచించండి. బాబాయిగారికి ఈ మాటే చెప్పండి.

చిన్న అక్షరాలతో రాసిన ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు, కొంత మాత్రం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో తన పని తాను చూసుకోవడం, నలుగురితో మసలడం, మాట–గ్రహింపు, ఉద్యోగం అనే నాలుగు విషయాలను కొలిచి శాతం నిర్ణయిస్తారు. 40 శాతం ఉంటే ధ్రువపత్రం పనికొస్తుంది. దానితో పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు, మీవారు పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. మీ విషయంలో ఇంకొకటి ఉంది: ప్రభుత్వ పింఛనుదారుల బిడ్డల్లో వైకల్యం వల్ల సంపాదించుకోలేనివారికి కుటుంబ పింఛను కొనసాగే నిబంధన ఉంది. ట్రెజరీ కార్యాలయంలో ఇప్పుడే అడిగి, మీరు ఉండగానే అతని పేరు నమోదు చేయించండి. తర్వాత చేయించడం ఎంత కష్టమో ఆ కార్యాలయాల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ధ్రువపత్రం తీసుకుంటే ‘పిచ్చివాడని ముద్ర’ పడుతుందని ఇంట్లో ఎవరైనా అనవచ్చు, అతనికే అలా అనిపించవచ్చు. కాబట్టి అతన్ని అడిగి, ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాకే వెళ్లండి. ఒప్పుకోకపోతే ఆరు నెలలు ఆగండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, మీరే ముందు పడిపోతారు. డాక్టరుగారికి ఇచ్చే పేజీ, కలపని అన్నం, వారానికి రెండు క్యారమ్ ఆటలు. మొదటి రెండు నెలలకు ఇవి చాలు. రోజులో ఒక గంట మీరు ఇల్లు వదిలి గుడికో, స్నేహితురాలి ఇంటికో వెళ్లండి, ఆ గంట అతను ఒంటరిగా ఉండగలడు.

మీవారికి ఒక పని చెప్పాలి. తిట్టవద్దని చెబితే మౌనంగా తిరుగుతారు, అది కూడా తిట్టే అవుతుంది. ఆయన కూడా ఈ మధ్యే తల్లిని పోగొట్టుకున్నారు. దుకాణం నుంచి వచ్చాక, వారంలో ఒకటి రెండు రాత్రులు, అబ్బాయి మంచం దగ్గర కుర్చీ వేసుకుని, ఆ చేతికర్ర గురించి మాట్లాడమనండి: దాన్ని ఆవిడ ఎక్కడ కొన్నారో, దానితో ఎవరిని అదిలించేవారో. అబ్బాయిని ప్రశ్నలేమీ అడగవద్దనండి. ‘ఊ’ అన్నా, అనకపోయినా, పది నిమిషాలు చెప్పి లేచి రమ్మనండి.